కొండదా, ఒడ్డుదా?

నేను ఒక ఇత్తడి కాఫీ ఫిల్టరుని. శ్రీకాకుళం జిల్లా బూడితిలో కంచరి సుత్తిదెబ్బలు తిని పుట్టాను. గున్నమ్మగారి ట్రంకుపెట్టెలో, చింతపండు మూటకీ దుప్పట్లకీ మధ్య ఇరుక్కుని ఓడెక్కాను. అండమాన్లలో ఒక చిన్న దీవిలో దిగాను. ఆవిడ పోయాక కోడలు నీలవేణి చేతికొచ్చాను. నీలవేణి నాకు సబ్బు తగలనివ్వదు. కాఫీ మొదటి గుక్క పాలూ పంచదారా లేకుండా తాగుతుంది. మనుషుల్లో ఇలాంటివాళ్లు అరుదు. మిగతావాళ్లు ముందు తీపి కలిపి, తరవాత రుచి గురించి మాట్లాడతారు.

నీలవేణి వాళ్ల తోట కొండమీద. అక్కడ పొద్దెక్కేదాకా మబ్బు దిగే ఉంటుంది, పళ్లు తీరిగ్గా పండుతాయి. ఆ పొడిమీద వేడినీళ్లు పడితే పంపరపనస తొక్క వాసన. చివర్న నాలిక్కి చిన్న పులుపు. కింద ఒడ్డు తోటల్లో ఎండ, ఉప్పుగాలి. పండు తొందరపడుతుంది. ఆ డికాషను నల్లగా, మొరటుగా, కాల్చిన కొబ్బరిచిప్ప వాసనతో దిగుతుంది. ఏది గొప్పో నన్నడక్కండి. రెండూ ఒకటేనని మాత్రం నా ముందు అనకండి.

అన్నాడు, కాఫీ రైతుల సంఘం పెద్ద గవరయ్య. ఇకమీదట కొండ గింజలూ ఒడ్డు గింజలూ కలిపి, 'దీవి కాఫీ' అని ఒకే పేరుతో పంపాలట. కాదంటే నీలవేణి బస్తాలు పడవెక్కవట. ఆ ఏటి పంటంతా ఆ బస్తాల్లోనే ఉంది. ఆమె రెండు తోటల పొడీ విడివిడిగా మూటగట్టి, నన్ను చంకన పెట్టుకుని సంఘం మీటింగుకి వెళ్లింది.

"దీవంతా ఒకటే మట్టి. కాఫీకి కొండేటి, ఒడ్డేటి?" అన్నాడు గవరయ్య.

"తాగి చెప్పు మావయ్యా. ఒకటేనంటే నా చేత్తో నేనే కలిపేస్తాను."

ఒకటి దించి, నన్ను కడిగి, రెండోది దించింది. ఏది ఏదో చెప్పకుండా రెండు గ్లాసులూ ఆయన ముందు పెట్టింది. ఆయన పంచదార అడిగాడు. ఇది పరవాన్నం కాదంది. వెనక ఎవరో కిసుక్కుమన్నారు.

మొదటి గ్లాసు తాగి పెదవి విరిచాడు. రెండోది నోట్లో పోసుకుని కాసేపు మింగలేదు.

"ఇది మా ఒడ్డుదే. మా అమ్మ ఇదే పెట్టేది," అన్నాడు. అన్నాక గానీ ఏమన్నాడో ఆయనకి తెలియలేదు.

"మరి దాన్నెందుకు మావయ్యా నాదాంట్లో ముంచేస్తావు?"

గవరయ్య తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. ఆ వారం పడవలో రెండు రకాల బస్తాలు, రెండు పేర్లతో వెళ్లాయి.

ఇప్పుడు నా కింది గిన్నె చిల్లుపడింది. సంఘం ఆఫీసులో అద్దాల బీరువాలో కూర్చోబెట్టి, 'దీవి కాఫీ తీసిన పాత ఫిల్టరు' అని చీటీ అంటించారు. వచ్చినవాళ్లు చదివి తలాడించి పోతున్నారు. నా ఇత్తడి మండిపోతోంది.

నిన్న నీలవేణి వచ్చింది. కళ్లజోడు సవరించుకుని చీటీ చదివింది. బీరువా తాళం, ఒక పెన్నూ అడిగింది.