చౌడుకు నిలిచిన నారు

సకల జనుల సమ్మెతో బస్సులు ఆగిపోయాయి. వరి వంగడాల మీద పరిశోధన చేస్తున్న నా చెల్లెలు రోహిణి, కాలేజీకి వెళ్లే దారి లేక నారు కుండీలన్నీ ఎల్బీనగర్‌లో మా డాబా మీదే పెట్టుకుంది. రకానికొక కుండీ. అన్నిటికీ ఉప్పునీళ్లే పోసేది. ఏ రకం తట్టుకుంటుందో తేలితేనే రోహిణి చదువు ముందుకు సాగుతుంది.

ఆ సాయంత్రం తను దిల్‌సుఖ్‌నగర్ నుంచి నడిచి వచ్చేసరికి, మా అత్తమ్మ అండాలమ్మ బిందెతో కుండీల దగ్గరుంది.

“మంచినీళ్లు పోసిన్రా అత్తమ్మా? నా పనంతా పాయె!” అంది రోహిణి.

“నారు ఎండుతుంటే ఎట్ల చూసుకుంట కూసోవాలె బిడ్డా? ఉప్పు పోసి సంపుడు, గిదేం సదువే!”

“అన్నిటికీ పోసిన్రా?”

“ట్యాంకరే రాకపాయె, అన్నిటికి ఏడికెల్లి తేవాలె? వాడినవాటికే పోసిన. పచ్చగున్నదానికి నీళ్లెందుకు?”

రోహిణి వంగి ఒక్కో కుండీ చూసింది. ఒక్కదాంట్లోనే మట్టి మీద తెల్లటి ఉప్పు పొర చెదరకుండా ఉంది. అందులో నారు పచ్చగా నిలబడి ఉంది.

“దీని పేరేంది?” అంది అత్తమ్మ.

“పేరు లేదత్తమ్మా, నంబరే.”

అత్తమ్మ వంగి ఆ నారును వేళ్లతో తాకింది. నల్గొండ జిల్లాలో ఉన్న తమ పొలం ఉప్పు తేలి చౌడెక్కి, వేసిన నారంతా ఎండిపోతేనే అత్తమ్మవాళ్లు ఈ ఊరొచ్చారు.

“నిజంగ నిలబడ్తదా?”

“ఇంకోసారి ఉప్పునీళ్లు పోసి చూడాలె.”

అత్తమ్మ బిందె దించి, ఉప్పునీళ్ల మగ్గు తానే అందుకుంది. పోస్తూ మొహం పక్కకు తిప్పుకుంది.