నాలుగు లేని బోర్డు

ఫుట్‌బాల్ మ్యాచ్ ఉందంటే ఊరంతా గేలరీ ఎక్కుతుంది, పెయింటర్ ఒక్కడూ నిచ్చెన ఎక్కుతాడు. ఇరవై ఆరేళ్లుగా ఇదే వరస. మైదానానికి తూర్పు చివర, గోలు స్తంభాలకు కాస్త వెనగ్గా స్కోరు బోర్డు ఉంది. దాని మీద ఎడమ పక్క 'మనం' అనీ, కుడి పక్క 'వాళ్లు' అనీ రాసి ఉంటుంది. ఆ రాత అతనిదే. 'ఆతిథ్య జట్టు', 'అతిథి జట్టు' అని మర్యాదగా రాయమని లీగు వాళ్లు చెప్పారు. అంత పొడుగు మాటలు పట్టవండీ అని తప్పించుకున్నాడు. పట్టకేం! బస్టాండు గోడ మీద అంతకు రెట్టింపు మాటలు రాసిన చెయ్యి అది. కానీ ఆ మాట అతనితో ఎవరంటారు?

పని చూస్తే తేలికే. 'మనం' కింద ఒక కొక్కెం, 'వాళ్లు' కింద ఒక కొక్కెం. గోలు పడితే పాత అంకె తీసి కొత్త అంకె రేకు తగిలించాలి. మన అంకెలు నీలం మీద తెలుపు, వాళ్లవి తెలుపు మీద ఎరుపు. తేలికే గానీ, ఇందులో ఒక బాధ ఉంది. మనవాళ్లు గోలు కొట్టగానే వెయ్యిమంది లేచి చప్పట్లు కొడుతుంటే, అతని చేతుల్లో మాత్రం రేకులుంటాయి.

"ఇన్నేళ్లుగా మ్యాచ్‌లకి పోతావు, ఒక్కసారైనా చప్పట్లు కొట్టావా?" అని భార్య ఎగతాళి చేసేది.

"కొట్టడానికి వెయ్యిమంది ఉన్నారే. రేకు తగిలించడానికి నేనొక్కణ్ణే" అనేవాడు మీసం దువ్వుకుంటూ.

అతని పిచ్చి సంగతి బజారంతటికీ తెలుసు. జట్టు గెలిచిన మర్నాడు బోర్డు రాయించుకుంటే, అడక్కుండానే అక్షరాలకు నీడ వేసి ఇస్తాడు. ఓడిన మర్నాడు మాత్రం తెలివైనవాడెవడూ అతని గడప తొక్కడు. ఒకసారి అలాంటి రోజునే కళ్లద్దాల దుకాణం బోర్డులో ఒక అక్షరం మింగేశాడు. దుకాణం యజమాని నెల్లాళ్ల దాకా అది చూసుకోలేదు, అది వేరే సంగతి. ఓడిన రోజు ఇంట్లో అన్నం ముందు కూర్చుని కెలికి లేచిపోయేవాడు. "నువ్వేం ఆడావని నీకింత నొప్పి?" అని భార్య అంటే ఒంటికాలి మీద లేచేవాడు. ఇంత జరిగినా మళ్లీ ఆదివారం వచ్చేసరికి, ఇవాళ మనదే అని బల్లగుద్ది చెప్పేవాడు. అతని నమ్మకానికి అడ్డూ ఆపూ ఉండేది కాదు.

ఆ నమ్మకంతోనే ఒక ఘనకార్యం చేశాడు. బోర్డు కొత్తగా పెట్టిననాడు, సున్నా నుంచి తొమ్మిది దాకా రెండు వరసలు రాయమని క్లబ్బు వాళ్లు రేకులిచ్చారు. 'మనం' వరస తొమ్మిది దాకా రాశాడు. 'వాళ్లు' వరస మూడుతో ఆపేశాడు. మిగిలిన ఆరు రేకులూ తిరిగిచ్చేశాడు.

"ఇదేంటయ్యా?" అన్నారు వాళ్లు.

"మన గ్రౌండుకొచ్చి మనకి నాలుగు కొట్టే మొనగాడు పుట్టలేదు. పుట్టినప్పుడు చూద్దాం" అన్నాడు.

నమ్మండి, నమ్మకపోండి, ఇరవై ఆరేళ్లలో ఎవరూ కొట్టలేదు. బయటి ఊళ్లకు పోయి ఆరేసి తిన్న రోజులున్నాయి. అవి పరాయివాళ్ల బోర్డులు, వాటితో మనకేం పని?

ఇక అసలు కథకొస్తాను. ఈ ఏడు జట్టు పరిస్థితి ఏం బాగోలేదు. చివరి మ్యాచ్ సొంత మైదానంలో ఉంది. గెలిచినా, కనీసం సమానంగా ముగించినా మొదటి డివిజన్లో ఉంటారు. ఓడితే రెండో డివిజన్‌కి దిగిపోతారు. మ్యాచ్‌కి నాలుగు రోజుల ముందు క్లబ్బు సెక్రటరీ, అంటే బజారులో మందుల షాపాయన, పెయింటర్‌ని కొట్టు వెనక గదిలోకి పిలిచి కూర్చోబెట్టాడు. అక్కడ మందుల పెట్టెల మధ్య ఒక పెద్ద అట్టపెట్టె ఉంది.

"ఇదేంటో తెలుసా? కరెంటు బోర్డు" అన్నాడు సెక్రటరీ, మొహం చూడకుండా. "వచ్చే ఏడు నుంచి మొదటి డివిజన్ గ్రౌండులన్నిట్లో ఇదే ఉండాలట. లీగు రూలు. మీటలు నొక్కడానికి మనిషిని కూడా వాళ్లే పంపుతారు."

"రెండో డివిజన్లో?"

"అక్కడ అక్కర్లేదు. దిగిపోతే దీన్ని వెనక్కి పంపేస్తాం. నీ నిచ్చెన నీకే ఉంటుంది."

పెయింటర్ ఆ పెట్టెను ఎగాదిగా చూశాడు. "అయితే దీన్ని విప్పుకోండి సెక్రటరీ గారూ. మనవాళ్లు దిగరు" అని లేచొచ్చేశాడు.

ఇంటికొచ్చి చెబితే భార్య కూర తరుగుతున్న కత్తిపీట పక్కన పెట్టింది. "అంటే మీవాళ్లు నిలబడితే నీ పని పోతుంది. ఓడితే ఉంటుంది. అంతేనా?"

"అంతే."

"మరి నీకేం కావాలయ్యా?"

"అదేం ప్రశ్నే!" అని కసురుకున్నాడు. "ఇరవై ఆరేళ్లు నేను నిచ్చెన కోసం పోయాననుకున్నావా?"

ఆవిడ మళ్లీ కత్తిపీట ముందుకు లాక్కుంది. "ఆదివారం నేనూ వస్తా. గెలిస్తే నీకదే ఆఖరి రోజు కదా. చూడొద్దూ?" అంది. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆవిడ మైదానం గడప తొక్కడం అదే మొదలు.

ఆదివారం మధ్యాహ్నానికి గేలరీ కిటకిటలాడిపోయింది. భార్య బోర్డుకు దగ్గరగా ముందు వరసలో కూర్చుంది. పెయింటర్ ఎప్పటిలాగే రంగుల సంచీ నిచ్చెన మొదట్లో పెట్టి, రేకుల పెట్టె పైమెట్టుకు తగిలించుకుని ఎక్కాడు. రెండు సున్నాలు వేలాడదీసి గర్వంగా చుట్టూ చూశాడు.

మొదటి సగంలో మనవాళ్లు దుమ్ము రేపారు. విరామానికి మనం రెండు, వాళ్లు ఒకటి. పెయింటర్ కిందికి చూసి భార్యకు కన్ను గీటాడు. ఆవిడ సిగ్గుపడి పక్కకు తిరిగింది. ఆట మళ్లీ మొదలైందో లేదో తలరాత తిరగబడింది. మన గోల్‌కీపర్‌ని అందరూ 'గోడ' అంటారు. ఆ పూట గోడకు కిటికీలు పడ్డాయి. పది నిమిషాల తేడాలో రెండు గోల్స్ వదిలేశాడు. రెండు, మూడు. పెయింటర్ పళ్లు కొరుకుతూ ఎర్ర మూడు తగిలించాడు. 'వాళ్లు' వరసలో అదే ఆఖరి రేకు. కాసేపటికి మనవాళ్లు ఒకటి కొట్టి మూడుకు మూడు చేశారు. జనం గొంతులు చించుకున్నారు. ఇలాగే ముగిసినా చాలు, ఒడ్డున పడతాం.

ఇంకో తొమ్మిది నిమిషాలుందనగా పడింది వాళ్ల నాలుగో గోలు. ఎక్కడో దూరం నుంచి వాళ్లవాడు కొట్టిన బంతి గోడ చేతుల కింద నుంచి జారి లోపలికి దొర్లింది. మైదానం మొత్తం చప్పబడిపోయింది. అలవాటుగా పెయింటర్ చెయ్యి పెట్టెలోకి పోయింది. ఏముంది అక్కడ? సున్నా, ఒకటి, రెండు. మూడు బోర్డు మీదే ఉంది.

వాళ్లతో వచ్చిన అభిమానులు ఓ మూలన రెండొందల మంది ఉంటారు. బోర్డు మీద ఇంకా మూడే కనబడేసరికి వాళ్లకు పండగైంది. "నాలుగేదీ? నాలుగేదీ?" అని కూత మొదలెట్టారు. "తాతకి మూడు దాకానే వచ్చురోయ్!" అని ఎవడో అరిచాడు. మనవాళ్లలో కూడా కొందరు తలలు దించుకున్నారు.

సెక్రటరీ పంచె ఎగ్గట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. "పెయింటరూ! పరువు తీస్తున్నావయ్యా! లీగు నుంచి వచ్చినాయన చూస్తున్నాడు. మన నాలుగుంది కదా, తీసి అటు తగిలించు!"

నిజమే, నీలం నాలుగు ఉంది. పెట్టెలో మన వరసలో పైనే ఉంది. కానీ వరసలో ప్రతి అంకెకూ ఒక్కటే రేకు. పెయింటర్ దాన్ని తీశాడు. తీసి చంకలో పెట్టుకున్నాడు.

"మరి మనవాళ్లు కొట్టాక ఏం తగిలించను? మీ మందుల చీటీయా?" అన్నాడు.

"ఇంకెక్కడ కొడతార్రా నాయనా!"

"కొడతారు. ఆ రంగుల సంచీ ఇలా అందించండి."

సెక్రటరీ నోరు వెళ్లబెట్టి సంచీ అందించాడు. పెయింటర్ ఎర్ర సున్నాను వెనక్కి తిప్పాడు. వెనక అంతా ఖాళీ రేకు. నిచ్చెన మీద మోకాలు ఆనించి, చంకలో నీలం రేకు జారకుండా అదిమిపెట్టి, కుంచె ఎర్ర రంగులో ముంచాడు. ఏటవాలు గీత ఒకటి, అడ్డగీత ఒకటి, నిలువు ఒకటి. తొందరపడలేదు. అవతలివాళ్లదైనా అంకె అంకే, వంకరగా రాస్తే పోయేది తన పేరు. ఆరని రంగు అంచు నుంచి కారుతుంటే బొటనవేలితో తుడిచి, ఆ నాలుగును 'వాళ్లు' కింద తగిలించాడు. కూతలు ఆగిపోయాయి. అంత చక్కటి నాలుగు చూశాక వాళ్లకు మాత్రం ఏమనడానికి ఉంటుంది?

బోర్డు సరైంది. మనం మూడు, వాళ్లు నాలుగు. ఇంకా ఐదు నిమిషాలు. అప్పుడే, దాచడం దేనికి, అతనికొక పాడు ఆలోచన వచ్చింది. 'ఈ ఐదు నిమిషాలూ ఇలాగే గడిస్తే నిచ్చెన నీదే' అని లోపల ఎవరో చెవిలో ఊదినట్టు వినపడింది. ఒక్క క్షణం, ఒకే ఒక్క క్షణం, అది తియ్యగా ఉంది. వెంటనే ఒళ్లంతా సిగ్గుతో చచ్చిపోయింది. థూ, నీ బతుకు చెడ అని తనను తానే తిట్టుకున్నాడు. చంకలో ఉన్న రేకును రెండు చేతులతో పట్టుకుని, మైదానంలోకి కనబడేలా గుండెల మీద నిలబెట్టుకున్నాడు.

ఆ సగంలో మనవాళ్లు బోర్డు వైపు గోలుకే దాడి చేస్తున్నారు. కెప్టెన్ బేకరీలో పిండి పిసికే మనిషి, భుజాలు అంత వెడల్పున ఉంటాయి. చెమట తుడుచుకుంటూ తలెత్తి బోర్డు చూశాడు. ఎర్ర నాలుగు చూశాడు. ఆ పక్కనే నిచ్చెన మీద, నీలం నాలుగు పట్టుకుని కొయ్యలా నిలబడ్డ మనిషినీ చూశాడు.

"రేయ్, అటు చూడండ్రా!" అని గర్జించాడు. "బాబాయ్ మన నాలుగు రెడీగా పట్టుకున్నాడు. మీరు కొట్టకపోతే ఆయన ఎంతసేపు మొయ్యాల్రా?"

అంతే, మనవాళ్లకు పూనకం వచ్చింది. గోడ కూడా తన గోలు వదిలేసి సగం మైదానం దాకా వచ్చేశాడు. ఒకటి స్తంభానికి తగిలింది. ఒకటి పైనుంచి పోయి బోర్డు కిందే పడింది. పెయింటర్ "ఇంకోటి, ఇంకోటి" అని గొణుక్కుంటున్నాడు. ఆఖరి నిమిషంలో కార్నర్ దొరికింది. బంతి గాల్లో తేలుతూ వచ్చింది. బేకరీ మనిషి ఇద్దర్ని తోసుకుని లేచి, నుదుటితో ఒక్క పోటు పొడిచాడు. వల వెనక్కి ఉబ్బడం అందరికంటే దగ్గర నుంచి చూసింది పెయింటరే.

మైదానం దద్దరిల్లిపోయింది. అతను అరవలేదు. మూడు తీశాడు, నాలుగు తగిలించాడు. రేకు కొక్కేనికి పడ్డ చిన్న చప్పుడు ఆ గోలలో అతనికొక్కడికే వినిపించింది. ఇదే తన ఆఖరి రేకని తెలుసు. తెలిసే తగిలించాడు.

ఇంకో నిమిషానికి రిఫరీ పొడుగ్గా విజిల్ ఊదాడు. నాలుగుకు నాలుగు. మన జట్టు మొదటి డివిజన్లోనే ఉంటుంది. గేలరీ మొత్తం మైదానంలోకి దూకింది. బేకరీ మనిషిని భుజాలకెత్తుకున్నారు. గోడ నేల మీద కూలబడి ఏడుస్తున్నాడు.

పెయింటర్ పైమెట్టు మీదే ఉండిపోయాడు. మార్చాల్సిన అంకె లేదు, అందుకోవాల్సిన రేకు లేదు. చేతులు చూసుకున్నాడు. ఖాళీగా ఉన్నాయి. బొటనవేలికి ఎర్ర రంగు ఆరిపోయింది. ముందు మెల్లగా, తర్వాత గట్టిగా, చప్పట్లు కొట్టాడు. కళ్లవెంట నీళ్లు కారుతున్నా తుడుచుకోలేదు. తుడుచుకుంటే చప్పట్లు ఆగిపోతాయి కదా.

కింద నిచ్చెన పక్కన భార్య నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో మరి. ఎగతాళి చేస్తుందేమోనని చూశాడు. ఆవిడా చప్పట్లు కొడుతోంది, మైదానం వైపు తిరిగి కాదు, అతని వైపు తిరిగి.

చాలాసేపటికి జనం పల్చబడ్డాక సెక్రటరీ వచ్చాడు. రేకులన్నీ తీసి తుడిచి పెట్టెలో పెట్టడం ప్రతి మ్యాచ్ తర్వాతా పెయింటర్ పనే. సెక్రటరీకి ఆ మాట అడగడానికి నోరు రాలేదు. ఊరికే పెట్టె వైపు చూశాడు.

పెయింటర్ నిచ్చెన దిగి, రంగుల సంచీ భుజాన వేసుకున్నాడు. ఒకసారి వెనక్కి తిరిగి రెండు నాలుగులనూ చూశాడు. నీలంది పాతది, ఎర్రది కొత్తది. ఎర్రదే కాస్త బాగా కుదిరిందని ఒప్పుకోక తప్పలేదు.

"ఇవాళ తీయనండీ" అన్నాడు. "అట్టపెట్టె వాళ్లు వచ్చేదాకా అలా ఉండనివ్వండి. నాలుగు తిన్నా నాలుగు కొట్టామని నలుగురూ చూస్తారు."

భార్య అతని మోచెయ్యి పట్టుకుంది. "పదవయ్యా, ఆకలేస్తోంది. వచ్చే ఏడు నా పక్కన కూర్చుని చూద్దువుగాని."

"ముందు వరసలోనే కూర్చోవాలి" అన్నాడు పెయింటర్. "వచ్చే ఏడు కప్పు మనదే. రాసిపెట్టుకో."