నాలుగు ముడుల తాడు

నేను ఒక కొబ్బరి పీచు తాడును. నన్ను పేనింది కాసులమ్మ. ఆ ఏడు తుఫాను వలలనూ తాళ్లనూ ఊడ్చుకుపోయాక, పేటలో దొరికిన పీచంతా ఏరి, అరచేతులు బొబ్బలెక్కేలా పేని, కొసలు రెండూ కలిపి నాకు నాలుగు ముడులు వేసింది. ముడికీ ముడికీ మధ్య దూరం ఒక్కటే. ఆపైన మూరెడు పీచు కూడా మిగల్లేదు. చేపలు ఎండబెట్టే ఇసుక కళ్ళాన్ని ఆడవాళ్లందరికీ సమానమైన చదరాలుగా పంచేది ఇక నేనొక్కదాన్నే. కాస్త గర్వపడ్డాను కూడా.

పంపకానికో కట్టుబాటుంది. ఎవరి చదరం కొలుస్తుంటే వాళ్లు తాడు ముట్టకూడదు, దూరంగా నిలబడాలి. మిగతావాళ్లలో నలుగురు తలో ముడీ పట్టుకుని లాగుతారు. ఎంత నమ్మకమో చూడండి, మనుషులకు మనుషుల మీద!

కాసులమ్మది చివరి చదరం, మొగలి పొదల పక్కన. వెనక వైపున్న నా ముడులు రెండూ పట్టుకున్నది పక్క చదరం మసేనమ్మ, ఆమె కోడలు. మసేనమ్మ కాసులమ్మకు వరసకు వదిన, ఒకే కంచంలో తిన్న మనిషి. అత్తాకోడళ్లిద్దరూ కాలికింద ఇసుక సర్దుకుంటున్నట్టు మెల్లగా పొదల వైపు జరిగారు. నేను బిగుతుగానే ఉన్నాను, ఏ పక్కా పొట్టి కాలేదు. కానీ చదరం ఒరిగిపోయింది. దాని మూల ముళ్లలోకి పోయింది, ఇవతల వదిలేసిన ఇసుక మసేనమ్మ చోటులో కలిసింది.

కాసులమ్మ లబోదిబోమంది. ఆ మిగిలిన చోటులో ఎండే చేపలతో ఆమె ఇల్లు గడవదు. పెద్దమనిషి అప్పలస్వామి ఒక్కో పక్కా మళ్లీ నాతోనే కొలిపించాడు.

“నాలుగు పక్కలూ సమానంగానే ఉన్నాయి గదమ్మా. నువ్వు పేనిన తాడే గదా, ఇంకేటి నీ గొడవ?” అన్నాడు.

నన్ను విప్పి ఎదురెదురు మూలలకు అటూ ఇటూ పట్టి చూస్తే, ఒకటి పొడుగు ఒకటి పొట్టి అని బండారం బయటపడేది. ఆ ముక్క ఒక్కరికీ తట్టలేదు. నాకు నోరుంటేనా! నా నిజాయితీనే అడ్డం పెట్టుకుని, నన్ను కన్న తల్లి నోట్లోనే మట్టి కొట్టారు.

చోటు చాలక కాసులమ్మ చేపలను ఒకదానిమీద ఒకటి పోసింది. అవి ఎండక కుళ్ళిపోయాయి. ఇప్పుడామె మసేనమ్మ చదరంలో కూలికి చేపలు తిరగేస్తోంది. మొదటిరోజు మసేనమ్మ చెంబుతో మంచినీళ్లిచ్చి, మనలో మనకు పంతాలెందుకంది. కాసులమ్మకు కళ్లనీళ్లు తిరిగాయి.

“నీ తప్పేటుంది వదినా. నాను పేనిన తాడే నాకు ద్రోహం సేసినాది,” అంది.

ఆ మాట అంటున్నప్పుడు ఆమె నాతోనే మసేనమ్మ గంపకు మూత బిగిస్తోంది.