కొత్వాల్ తన్నిన నాడు

పొద్దున ఆరున్నరకు వీణ ఎడమ చేత్తో పెద్ద గంజు మూత అడ్డం పట్టుకొని, కుడి చేత్తో కోళ్ల గూడు తలుపు తీస్తుంది. ముందు ఆరు పెట్టలు బయటికొస్తాయి. వాటి వెనక పుంజు వస్తుంది. వస్తూనే రెక్కలు విప్పి ఎగిరి, రెండు కాళ్లతో మూతను తంతుంది. ఆ మోత వినపడగానే పక్కింటివాళ్లు పొయ్యి మీద చాయ్ పెడతారు.

ఆ పుంజు పేరు కొత్వాల్. పేరు పెట్టింది వీణ మొగుడు కృపాకర్. గౌలిపురలో వాళ్లు కిరాయికున్న ఇంటి వెనక పెరడు ఒకప్పుడు బర్రెల కొట్టం. ఆ పెరట్లోకి ఎవరొచ్చినా కొత్వాల్ తన్నేది. అది తన్నినవాళ్లకు ఆ రోజు దీపాలు పెట్టేదాకా దారి తప్పేది. ఈ సంగతి గల్లీలో అందరికీ తెలుసు. ముందు పోర్షన్‌లో ఉండే కీర్తిప్రియ టీచర్, ఒకనాడు తన్ను తిని, మూడు వీధుల అవతల ఉన్న బడికని బయల్దేరి పది గంటలకు కంచన్‌బాగ్ బస్టాప్‌లో నిలబడింది. సెలవు చీటీలో కారణం దగ్గర 'కోడి తన్నినందున' అని రాసింది. హెడ్‌మిస్ట్రెస్ చదివి సంతకం పెట్టింది. మీటరు చూసే అతను ఒకసారి తనది కాని బస్తీలో మీటర్లన్నీ చూసుకొచ్చాడు. అప్పటి నుంచి, తన్ను తిన్నవాళ్లు ఇంట్లోనే కూర్చునేవాళ్లు. తప్పనిసరి అయితే జేబులో అడ్రసు చీటీ పెట్టుకొని, ఒకరిని తోడు తీసుకొని పోయేవాళ్లు.

కృపాకర్‌ను మాత్రం అది ఎన్నడూ తన్నలేదు. పిల్లగా ఉన్నప్పటి నుంచి అతని అరచేతిలో నూకలు తిని పెరిగింది.

కృపాకర్ పద్నాలుగేళ్లు ఆటో నడిపాడు. రెండేళ్ల కింద వానలో ఆటో బోల్తాపడి తలకు దెబ్బ తగిలింది. కుట్లు మానాయి. చూపు బాగుంది, చేతులు బాగున్నాయి, మాట బాగుంది. దారి ఒక్కటే పోయింది. డాక్టర్లు తలకు ఫోటోలు తీసి అంతా సరిగానే ఉందన్నారు. అంతా సరిగానే ఉన్న మనిషి నాలుగిండ్ల అవతల క్షౌరానికి పోయి, మధ్యాహ్నం అలియాబాద్‌లో దొరికాడు. వీధులన్నీ అతనికి పేర్లతో సహా గుర్తే. ఏది దేని పక్కన ఉంటుందో అదే తెలియదు. ఆ తర్వాత వీణ లేకుండా గేటు దాటలేదు. వీణ లాడ్ బజార్ దుకాణాలకు లక్క గాజుల మీద రాళ్లు పొదిగేది. అతను పక్కన కూర్చొని రాళ్లు ఏరి ఇచ్చేవాడు.

ఒక మంగళవారం ఇంటి ఓనరు సత్తెమ్మ పెరటి తలుపు దగ్గరే నిలబడి వీణను పిలిచింది.

"మా చెల్లె మనుమరాలి పెండ్లికి పోతుంటి నిన్న. మీ కోడి తన్నింది. తన్నిందని తెలిసి గూడ పోయిన, నాదే బుద్ధి తక్కువ. ఎవలదో పెండ్లిల కూసొని బువ్వ తిన్న. తీస్కపోయిన స్టీలు బిందె ఆ పిల్లకే ఇచ్చిన. నా కాళ్లు మొక్కితే దీవించిన గూడ."

"తప్పైంది అవ్వా," అంది వీణ.

"తప్పు నీది గాదు, కోడిది. ఆదివారం లోపల కోడన్న పోవాలె, మీరన్న పోవాలె."

పెరడున్న ఇల్లు ఆ కిరాయికి ఇంకెక్కడా దొరకదు. ఆ సాయంత్రం వీణ మొగుడి పక్కన కూర్చొని మెల్లగా అడిగింది. "కోసుకుందామా మరి?"

"పేరు వెట్టి పిలిచినంక ఎట్ల కోస్తం?" అన్నాడు కృపాకర్.

చర్చిలో పరిచయమైన సుశీల ఇంట్లో ఇరవై కోళ్లుండేవి. ఆమె ఒక ఉపాయం చెప్పింది. "అది మీదికొస్తే ఎనకకు ఉరకొద్దు. పట్టుకొని చంకల వెట్టుకో. పది నిమిషాలు దించకు. తల వంచినంకనే ఇడువు. ఇంట్ల పెద్ద ఎవలో దానికి తెల్వాలె."

వీణ బుధవారం నుంచి అట్లనే చేసింది. చంకలో పెట్టుకుంటే కొత్వాల్ కళ్లు మూసుకొని, మెడ వాల్చి, నిద్రపోయేది. కింద పెడితే రెండడుగులు బుద్ధిగా నడిచి, తిరిగి తన్నేది. గురువారం ఆ తన్ను వీణ పిక్కకే తగిలింది. వీధి చివరికే కదా అని ఉప్పు ప్యాకెట్ కోసం పోయిన మనిషి, దీపాల వేళకు చాంద్రాయణగుట్ట నుంచి ఫోన్ చేసింది. ఆ రోజంతా ఇంట్లో ఇద్దరికీ దారి లేదు. కృపాకర్ గేటు పట్టుకొని నిలబడి, ఆమె ఏ దిక్కు నుంచి వస్తుందో తెలియక రెండు వైపులా చూస్తూనే ఉన్నాడు.

శుక్రవారం వీణ తన మేనమామ మొగులయ్యకు ఫోన్ చేసింది. ఆయన కంచన్‌బాగ్ వైపు ఉంటాడు, ఇంటి చుట్టూ ఖాళీ జాగా ఉంది. కోడి సంగతి ఏదీ దాచకుండా చెప్పింది.

"నేను రిటైరైనోణ్ణి బిడ్డా. నాకు పొయ్యే జాగ ఏమున్నది? తంతే తన్ననీ," అన్నాడు మొగులయ్య. "రేపు పదకొండుకు లాడ్ బజార్ల కలుస్త."

శనివారం వీణ ఒక భుజాన గాజుల పెట్టె వేసుకొని, ఒక చేత్తో కృపాకర్ చెయ్యి పట్టుకొని బయల్దేరింది. కొత్వాల్‌ను కాళ్లు కట్టి, తల మాత్రం బయటికుండేటట్లు గుడ్డసంచిలో పెట్టి కృపాకర్ పట్టుకున్నాడు.

తన గాజులు తీసుకునే బాలకిషన్ సేట్ దుకాణం మెట్టు మీద అతన్ని కూర్చోబెట్టి వీణ చెప్పింది. "మొగులయ్య మామ వస్తడు. నేనొచ్చేదాంక లేవకు."

లోపల బాలకిషన్ గాజులు ఒక్కొక్కటే వెలుతురుకు పెట్టి చూస్తున్నాడు. బయట పెండ్లి బేరానికొచ్చిన ఆడవాళ్ల గుంపు ఒకటి మెట్ల మీదుగా తోసుకుంటూ లోపలికొచ్చింది. సంచి ఎవరి కాలికో తగిలి ఒరిగింది. కాళ్ల కట్టు ఎప్పుడు ఊడిందో, కొత్వాల్ రెక్కలు కొట్టుకుంటూ బయటపడింది. కృపాకర్ దాన్ని పట్టుకోవాలని గబుక్కున లేచాడు. రెండేళ్లలో అతను అంత తొందరగా లేచింది అదే మొదటిసారి. కొత్వాల్ అతన్ని గుర్తుపట్టలేదేమో, ఎగిరి మోకాలి కింద తన్నింది. కాలి ముల్లు దిగి నెత్తురొచ్చింది.

వీణ బయటికొచ్చేసరికి మెట్టు ఖాళీగా ఉంది.

"కోడి తన్నింది," అన్నాడు ఎదురు దుకాణపాయన, తను చూసింది చూసినట్టు. "దాన్ని సంకల వెట్టుకొని అట్ల పోయిండు."

"అసలే దారి తెల్వని మనిషి," అన్నాడు బాలకిషన్. "దాని మీద కోడి గూడ తన్నెనా."

వీణ వీధి మధ్యకు పోయి రెండు వైపులా చూసింది. మామూలు మనిషైతే దీపాల వేళకు దారి తెలుస్తుంది. ఈయనకు దీపాలు పెట్టినా తెలియదు. మొగులయ్య స్కూటర్ మీద వచ్చాక, ఇద్దరూ చార్మినార్ చుట్టూ వెతికారు. పావురాల దగ్గర చూశారు, బస్సులు ఆగే చోట చూశారు, శాలిబండ దాకా పోయి తిరిగొచ్చారు. చంకలో కోడి ఉన్న మనిషిని చూశారా అని అడిగితే ముగ్గురు చూశామన్నారు, ముగ్గురూ మూడు దిక్కులు చూపించారు. రెండున్నరకు మొగులయ్య, పోలీస్ స్టేషన్‌లో ఇవ్వడానికి ఫోటో కావాలన్నాడు. ఫోటో కోసం ఇంటికొచ్చారు.

కృపాకర్ పెరట్లో పీట మీద కూర్చొని మోకాలి కింద పసుపు అద్దుకుంటున్నాడు. కొత్వాల్ పెట్టల మధ్య తిరుగుతోంది.

"ఇంత ఆల్శమైందేంది?" అన్నాడు.

వీణ అతని ఎదురుగా కూర్చుంది. ఏడుద్దామనుకుంటే ఏడుపు రాలేదు. "ఎవలు తీస్కొచ్చిన్రు?"

"ఎవలు లేరు. నేనే వచ్చిన."

"ఎట్ల?"

అతను చెప్పాడు. ఏ సందులో మళ్లాడో, ఏ మసీదు వెనక నుంచి వచ్చాడో, ఎక్కడ రోడ్డు తవ్వితే వెనక్కి తిరిగి ఇంకో గల్లీ పట్టాడో ఆగకుండా చెప్పాడు. అన్నీ నిజమైన దారులే. స్కూటర్ మీద వచ్చిన వాళ్లకంటే దగ్గరి దారిలో వచ్చాడు. మొగులయ్య టోపీ తీసి తల గోక్కున్నాడు. సత్తెమ్మ పెరటి తలుపు దగ్గర నిలబడి అంతా విన్నది.

"దాంట్ల పరేషాన్ ఏమున్నది?" అంది. "తప్పిపోయేటోన్ని ఇంకోపారి తప్పిస్తే ఇంటికి గాక ఏడికి పోతడు?"

దీపాలు పెట్టాక కృపాకర్ కాళ్లు కడుక్కోవడానికి పెరట్లోకి పోయి, లోపలికి రావడానికి గోడలు తడుముతూ నిలబడిపోయాడు. వీణ చెయ్యి పట్టుకొని తీసుకొచ్చింది. సంతోషపడాల్సిందేదో జరిగిందని ఆమెకు తెలుసు. కానీ అది పొద్దున దాకా ఉంటుందో లేదో, ఉంటే ఏం చెయ్యాలో తెలియలేదు. అతనికీ తెలియలేదు.

ఆదివారం పొద్దున కృపాకర్ కొత్వాల్ ముందుకు పోయి కాలు చాపాడు. అది వచ్చి అతని అరచేతిలో నూకల కోసం చూసింది. నిలబడితే తన్నలేదు, కూర్చుంటే తన్నలేదు. తిట్టినా తన్నలేదు.

"నువ్వు మెల్లగ కదులుతవ్," అంది వీణ, చూసి చూసి. "మేమందరం భయపడుకుంట ఉరుకుతం. అందుకే మమ్ముల తంతది."

అతను గేటు నుంచి గూటి దాకా పరుగెత్తాడు. రెండోసారికి కొత్వాల్ మెడ ఈకలు లేచాయి. మూడోసారికి తన్నింది. కృపాకర్ ఒంటికాలి మీద నిలబడి కాసేపు ఊపిరి పీల్చుకున్నాడు. ఆ తర్వాత చొక్కా వేసుకొని, వీణను ఇంట్లోనే ఉండమని, ఒక్కడే ప్రార్థనకు పోయి ఒక్కడే వచ్చాడు.

సత్తెమ్మ ఒక షరతు పెట్టింది. పుంజును పొద్దున కృపాకర్ కోసమే విప్పాలి, పని అయినంక మళ్లీ గూట్లో పెట్టాలి. "ఆయన్నొక్కణ్ణే తంతనంటే ఉండనీ," అంది.

నెల రోజులు అతను నడిచే తిరిగాడు. లాడ్ బజార్‌కు గాజులు తనే ఇచ్చి వచ్చాడు. ఒకరోజు, చూద్దామని, అఫ్జల్‌గంజ్ దాకా పోయి చీకటిపడక ముందే వచ్చాడు. పిక్కలు రెండూ కమిలి నల్లబడ్డాయి. వీణ రాత్రిపూట నూనె రాసేది. నొప్పా అని అడిగితే, "దారి గుర్తుంటది," అనేవాడు. అది జవాబో కాదో ఆమెకు అర్థమయ్యేది కాదు.

ఆ తర్వాత గల్లీలో ఉండే బబ్లూ అనే అతని ఆటోను పగటిపూట నడపడానికి తీసుకున్నాడు, అయిదున్నరకల్లా తిరిగి ఇచ్చే ఒప్పందం మీద. మొదటి రోజు వీణ గేటు దగ్గర నిలబడి ఆటో మలుపు తిరిగేదాకా చూసింది. తిరిగాక కూడా చూసింది.

లాల్ దర్వాజా దగ్గర నిండు నెలల గర్భిణి ఒకామె తల్లితో ఆటో ఆపి, ప్రసూతి ఆసుపత్రికి రమ్మంది. చెమటతో ముఖం తడిసిపోయి ఉంది. ఎక్కి కూర్చొని, "దారి తెలుసా అన్నా?" అని అడిగింది.

కృపాకర్ హ్యాండిల్ మీద చేతులు పెట్టుకొని కొంచెంసేపు ఆలోచించాడు.

"రెండున్నయమ్మా," అన్నాడు. "ఒకటి దగ్గర. ఇంకొకటి గుంతలు లేనిది. ఏదాంట్ల పోదాం?"