రెండో ఆధారం

చూడామణి కార్డుల డ్రాయరు రెండు చేతులా పట్టుకుని గ్రంథాలయం రిఫరెన్స్ సెక్షన్‌లో నడుస్తోంది. బీరువాల మధ్య దారి మామూలుగా ఇరవై అడుగులే, ఇవాళ ఎంత నడిచినా తెగడం లేదు, ఒక వరస దాటితే రష్యా రచయితల పరిచయ గ్రంథాలు, ఇంకో వరస దాటితే ఆఫ్రికా కథకుల సూచికలు, అది దాటితే మోకాలి లోతు నీళ్ళు, ఆ నీళ్ళలో పుస్తకాలు తడవకుండా నిలబడి ఉన్నాయి, అదేమీ ఆమెకు వింతగా లేదు.

దారి చివర కిటికీ పక్కన పానకాలు మేస్టారు కూర్చుని పెన్సిలు చెక్కుతున్నారు. ముప్పై ఏళ్ళు ఈ సెక్షన్‌ను నడిపి, ప్రపంచ రచయితల సూచికను తెలుగులో కార్డు కార్డుగా కట్టి, పోయి ఏడాది అయిన మనిషి. ఆయన్ను చూస్తే ఏడుపు వస్తుందనుకుంటుంది చూడామణి, రాదు. పంటి డాక్టరు సూది వేశాక దవడ ఉన్నట్టు ఉంది లోపలంతా.

"ఏందమ్మాయ్, ఆ బరువు? ఇట్టా పెట్టు," అంటారాయన.

పెట్టి చూస్తే డ్రాయరులో ఒక్కటే కార్డు, ఆయనదే. నాలుగు సంపుటాల రష్యన్ కథలు తెలుగు చేశారు కాబట్టి సూచికలో ఆయనకూ ఒక కార్డుంది. పుట్టిన సంవత్సరం, ఒక గీత, గీత తర్వాత చూడామణి చేతిరాతలో, పెన్సిలుతో, పోయిన సంవత్సరం. సెక్షన్‌లో పద్ధతి అది: ఎవరైనా పోయారని తెలిస్తే ముందు పెన్సిలుతో రాయాలి, రెండో ఆధారం దొరికాకే సిరాతో దిద్దాలి. ఆ పద్ధతి పెట్టింది ఆయనే.

"రెండో కూర్పు ఇవాళ సాయంత్రం అచ్చుకు పోతుంది మేస్టారూ. మీది దిద్దాలి."

"ఆధారాలెన్ని?"

"పేపర్లో వేశారండి. మన గ్రంథాలయ కమిటీ అధ్యక్షులవారే రాశారు, మిమ్మల్ని ఆకాశానికెత్తి."

"చచ్చినవాడి కళ్ళు చారెడు గదా. అదొకటి. రెండోది?"

బల్ల మెల్లగా కదులుతుంది, కిటికీలో కొల్లిపర రోడ్డు వెనక్కి జరిగిపోతూ ఉంటుంది, మేస్టారి ఇల్లు వస్తుంది, వాకిట్లో గుట్టగా చెప్పులు, ఆయన పోయిన రోజు చూడవచ్చిన వాళ్ళవి.

"నువ్వు చూశావా నన్ను?"

"రాలేదండి."

"అదే, ఈ చెప్పుల్లో నీయి కనపళ్ళా."

ఎలా వస్తుంది? పదేళ్ళ కిందట మొదటి కూర్పులో ఒక హంగరీ కవి పోయాడని ఎక్కడో చదివి, రెండో ఆధారం కోసం ఆగకుండా సిరాతో దిద్దేసింది చూడామణి. పోయింది అదే పేరున్న వేరే ఆయన. మర్యాదకని ఆ దేశానికి పంపిన పుస్తకం కవిగారి చేతిలోనే పడింది, తెలుగు రాకపోయినా తన ఫొటో కింద అంకెలు చదవగలడు గదా, బతికే ఉన్నానని స్వయంగా ఉత్తరం రాశాడు. కమిటీ మండిపడితే పానకాలు మేస్టారు లేచి తన పొరపాటే అన్నారు, కమిటీవాళ్ళు సూచిక పని ఆయన చేతిలోంచి తీసేసి చూడామణికి ఇచ్చారు. ఆమె తేలు కుట్టిన దొంగలా కిమ్మనకుండా పుచ్చుకుంది.

"ఆ హంగరీ ఆయనకి సిరా పెట్టింది నేనండీ," అంటుంది ఇప్పుడు. గొంతు వణకదు. వణికితే బాగుండును.

"నాకు తెలవదా ఏంది? నువ్వు ఏడు అంకె ఎట్టా రాస్తావో నాకు తెలుసు. మా ఇంటామెకే తెలవదు. అంత జాగ్రత్త గల మనిషివి, బతికున్నోణ్ణి చచ్చాడని ఎట్టా రాశావయ్యా అని నేను పోయేదాకా అడిగింది."

"మీరేం చెప్పారు?"

"ఏం చెప్తాను? కళ్ళు కనపళ్ళేదన్నా." మేస్టారు కార్డు మీద అరచెయ్యి పెట్టి ఆనించి రుద్దుతారు, బల్ల మీద నీళ్ళు తుడిచినంత మామూలుగా. "రెండో ఆధారం ఆమేనమ్మాయ్. నన్ను చివరిదాకా చూసింది ఆమె. ఎల్లి అడుగు. అడిగేముందు నువ్వు చేసింది చెప్పు."

కరెంటు పోయినట్టుంది, ఉక్కపోతకి మెలకువ వచ్చింది. మధ్యాహ్నం రెండున్నర. చూడామణి బల్ల మీదే తల వాల్చి నిద్రపోయింది, కుడి అరచెయ్యి కార్డు మీద ఉంది. తీసి చూస్తే చెమటకు చెయ్యంతా పెన్సిలు నలుపు. కార్డు మీద పుట్టిన సంవత్సరం ఉంది, గీత ఉంది, గీత తర్వాత ఏమీ లేదు.

తీసి ఉంచిన సిరా పెన్నుకు మూత పెట్టింది.

"సామ్రాజ్యం," అంది పక్క కౌంటర్లో ఆమెతో, "ప్రెస్సతను వస్తే రేపు రమ్మను. ఒక కార్డు కాలేదు."

"నువ్వెక్కడికి?"

"కొల్లిపర."

"మేస్టారింటికా? ఆయన పోయినప్పుడే రాలేదు, ఇప్పుడేం పని?"

చూడామణి బల్ల కింద కాలితో వెతుక్కుని చెప్పులు తొడుక్కుంది.