రెండూ కుడిచేతులే

"ఏమ్మా, రెండూ కుడిచేతులే ఉన్న పిల్ల ఎక్కడైనా దొరికిందా?" అన్నాడు ఓనరు, నేను కత్తిరించిన గౌను చేతులు గాల్లో ఆడిస్తూ. మిషన్ల దగ్గర ఆడవాళ్లంతా పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వకపోతే ఏడుపొస్తుందని భయం.

ఒక చెయ్యి కత్తిరించాక, కొలతకు పెట్టుకునే అట్టముక్కను బోర్లా తిప్పి రెండోది కత్తిరించాలి. కొత్తగా చేరే పిల్లలకు మొదటిరోజు నేను నేర్పేదే అది. పెళ్లికి ముందు నుంచీ కత్తెర పట్టినదాన్ని, అదే మర్చిపోయాను. "ఇంకోసారి ఇలాగైతే కత్తెర అక్కడ పెట్టేసి గుండీలు కుట్టుకుందువుగాని" అన్నాడు ఓనరు. తల కొట్టేసినట్టయింది.

ఈమధ్య అంతా ఇంతే. మాట నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోతుంది. పాలు పొయ్యి మీద పెట్టి, మాడు వాసన వచ్చేదాకా వాటి సంగతే గుర్తుండదు. "నీ బుర్ర అరిగిపోయిందే" అంటారు మావారు. "దానికి ఇంటి మీద ధ్యాసుంటే కదరా" అని అందుకుంటారు అత్తగారు. మతి పోతోందేమోనని నాకే అనుమానం. ఆ మాట ఎవరితో అనగలను? మోకాళ్ల నొప్పని ఇంట్లో అబద్ధం చెప్పి, దొంగలా డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను.

గౌను చేతుల దగ్గర్నుంచి మాడిన పాల దాకా అన్నీ విని, నెలసరి గురించి అడిగింది ఆవిడ. కొంతకాలంగా సరిగ్గా రావడం లేదని తల దించుకునే చెప్పాను, అదేదో నేను చేసిన తప్పయినట్టు.

"ఈస్ట్రోజన్ అనే హార్మోను గర్భసంచికే కాదమ్మా, మెదడుకీ పనికొస్తుంది. ఈ వయసులో అది ఎక్కువతక్కువలవుతుంటే నిద్ర చెడుతుంది, జ్ఞాపకం తడబడుతుంది. ఇది మతి పోవడం కాదు. చాలామందికి మెల్లగా సర్దుకుంటుంది. ఇంతకీ ఆ చేతులు కత్తిరించేటప్పుడు దేని గురించి ఆలోచిస్తున్నారు?"

అప్పుడు గుర్తొచ్చింది. కత్తెర పెట్టబోతుంటే మావారు ఫోన్ చేశారు. ఇంట్లోనే కూర్చుని, తన బీపీ బిళ్లలు ఎక్కడున్నాయని నన్నడిగారు. అలమర పై అరలో, అత్తయ్య కంటిమందు పక్కన అని చెప్పాను. ఆవిడ మందు వేసుకున్నారా, గ్యాస్ కట్టేశారా అని కూడా నేనే అడిగాను. ఇంటిల్లిపాదికీ కావలసినవన్నీ నా బుర్రలోనే ఉండాలి. ఆయన బుర్ర అరగలేదంటే అరగదు మరి, వాడితేగా!

మర్నాడు మళ్లీ గౌన్లే. ఒక చెయ్యి కత్తిరించాను. ఓనరు నా బల్ల వైపే చూస్తున్నాడు. ఫోన్ మోగింది.

"నా కళ్లజోడు ఎక్కడ పెట్టావ్?"

ఫ్రిజ్ మీద, నిన్నటి పేపరు కింద. ఎదురుగా ఉన్నట్టే కనిపిస్తోంది నాకు. చెప్పకపోతే ఎలాగని ప్రాణం కొట్టుకుంది.

"మర్చిపోయానండీ" అన్నాను.

ఫోన్ పెట్టేసి, అట్టముక్కను బోర్లా తిప్పాను.