ఉమ్మడి సామాను

మొగుడు తాగొస్తాడంటే నలుగురిలో చెప్పుకోవచ్చు, పేకాడతాడంటే పుట్టింటివాళ్ళని పిలిపించి పంచాయితీ పెట్టించొచ్చు. యాభయ్యో పడిలో యూట్యూబ్ చూసి మినిమలిస్ట్ అయిపోయిన మొగుడి మీద ఎవరికి ఫిర్యాదు చెయ్యాలో రేణుకి అంతుపట్టలేదు. అమెరికాలో, ఫ్రిస్కోలోని తమ ఇంట్లో ఆమె డ్రయ్యర్లోంచి తీసిన బట్టలు మడతపెడుతుంటే మనోహర్ వచ్చి, ఆ గుట్ట వంక జాలిగా చూసి, మనిషి బతకడానికి ఇన్ని అక్కర్లేదు రేణూ అన్నాడు. గుట్టలో ముప్పాతిక వంతు అతని టీషర్టులే. ఆ సంగతి ఆమె ఎత్తలేదు. అప్పుడే జ్ఞానోదయమైన మనిషిని అంత తొందరగా కిందికి లాగడం భావ్యం కాదనిపించింది.

ఆ జ్ఞానం ముదిరి కొలంబియా ప్రయాణమైంది. కూతురు ఇషా చదువుకని ఆస్టిన్ వెళ్ళిపోయింది కాబట్టి ఇక మనిద్దరం బ్యాక్‌ప్యాకింగ్ చెయ్యాలన్నాడు. చక్రాల పెట్టెలు ఉండవు, టాక్సీలు ఉండవు, వీపు మీద పట్టినంతే సామాను. ఊరి పేరు శాంటా మార్తా. ఒక పక్క సముద్రం, ఒక పక్క కొండలు, మధ్యలో అప్పుడే మూత తీసిన ఇడ్లీ పాత్ర లాంటి గాలి. ఆ ఊరికి దగ్గర్లో టైరోనా అనే అడవి ఉందనీ, చెట్ల మధ్యగా సముద్రం దాకా నడిచే బాట ఉందనీ చదివాకే రేణు సరేనంది. ఆమె బోటనీలో ఎమ్మెస్సీ. డిపెండెంట్ వీసా మీద వచ్చి, ఉద్యోగం చెయ్యకూడని ఏళ్ళన్నీ పిల్లని పెంచుతూ గడిపింది. చెయ్యొచ్చు అనే ఏళ్ళు వచ్చేసరికి ఇప్పుడెందుకులే అనే మాట ఇంట్లో స్థిరపడిపోయింది. పార్టీల్లో ఎవరైనా మీరేం చేస్తుంటారండీ అని అడిగితే, ఆమె నోరు తెరిచేలోగా మనోహర్ "తను ఫ్రీయే" అనేవాడు. ఆ ఫ్రీకి అర్థం స్వేచ్ఛా, ఉచితమా అని ఆమె చాలా పార్టీల నుంచి ఆలోచిస్తూనే ఉంది.

ఒకటి కొంటే ఒకటి ఉచితం అన్న చోట ఒకేలాంటి బూడిదరంగు బ్యాగులు రెండు కొన్నాడు. ఎవరి బ్యాగ్ వాళ్ళే మొయ్యాలి, అదే ఈక్వాలిటీ అన్నాడు. రేణు ముచ్చటపడింది కూడా. సర్దడం మొదలయ్యాక 'కామన్ ఐటమ్స్' అనే మాట ఇంట్లోకి వచ్చింది. ఉమ్మడి సామాను అన్నమాట. మందుల సంచి, ఓఆర్ఎస్ పొట్లాలు, అడాప్టర్లు, సూదీదారం. ఇవి కామన్ కదా, నీ దాంట్లో పెట్టు, నీకైతే ఎక్కడున్నాయో గుర్తుంటుంది అన్నాడు. తర్వాత అతని చెప్పుల జత కామన్ అయింది. అతను ఎగరేసే డ్రోన్ కామన్ అయింది. అతను కట్టుకునే నడుం బెల్టు ఎలా కామనండీ అని అడిగితే, నీక్కూడా నడుం ఉందిగా అన్నాడు. మావాడికి ఏది ఎక్కడుందో తెలీదమ్మా, పుట్టుక నుంచీ అంతే అని అత్తగారు పెళ్ళైన కొత్తలో మురిసిపోతూ చెప్పేవారు. ఏదీ తెలియకపోవడంలో ఎంత సుఖముందో అప్పట్లో రేణుకి తట్టలేదు. తట్టి ఉంటే తనూ ఒకటి రెండు తెలియకుండా ఉంచుకునేది. అంతా అయ్యాక మనోహర్ తన బ్యాగ్‌కి ఎర్ర రిబ్బన్ కట్టుకున్నాడు. ఇండియా ప్రయాణాల్లో పెట్టెలకి గుడ్డపీలికలు కట్టే అలవాటు మాత్రం మినిమలిజానికి లొంగలేదు.

శాంటా మార్తాలో ఉన్న చోట ఉండనివ్వలేదు అతను. చవగ్గా దొరికిన హాస్టల్ నుంచి ఇంకా చవగ్గా దొరికిన హాస్టల్‌కి మారడమే ప్రయాణంగా ఉండేది. అతను ముందు, ఆమె వెనక. భుజాల్లోకి పట్టీలు దిగిపోతుంటే తలెత్తే ఓపిక లేక, ఆ ఊళ్ళో ఆమె అన్నిటికంటే ఎక్కువగా చూసింది మనోహర్ మడమల్ని. నీలం గోడలు, పసుపు తలుపులు, అరుగుల మీద కూర్చుని విసురుకునే ఆడవాళ్ళు అన్నీ చెమటలోంచి కదిలిపోయేవి. ప్రతి మలుపు దగ్గరా ఆగి నడుం మీద చేతులేసుకుని నిలబడేవాడు. నువ్వు మొదట్నుంచీ స్లోనే అనేవాడు. బరువుగా ఉందండీ అంటే, బరువు బ్యాగ్‌లో లేదు రేణూ, మైండ్‌లో ఉంది అనేవాడు. అది ఏ వీడియోలో విన్నాడో గానీ బాగా వంటబట్టింది.

రేపు హాస్టల్ మారతారు, ఎల్లుండి అడవి అనగా, సాయంత్రం కొబ్బరన్నమూ వేయించిన చేపా తింటుండగా ఇషా ఫోన్ చేసింది. మనోహర్ స్పీకర్లో పెట్టి, ట్రెయిల్‌కి తనొక్కడే వెళ్తున్నట్టు చెప్పాడు. మీ అమ్మ ఈ వేడికే నడవలేకపోతోంది, హాస్టల్‌లో రెస్ట్ తీసుకుంటుంది అన్నాడు. రేణు చేతిలో ముద్ద అలాగే ఆగింది. ఈ సంగతి ఆమెకీ ఇప్పుడే తెలిసింది.

"అమ్మా, ఆర్ యూ ఓకే విత్ దట్?" అంది ఇషా.

"తను ఓకే" అన్నాడు మనోహర్.

ఆమెకి కోపం వచ్చిందని చెప్పడం తేలిక. నిజానికి వచ్చింది కుతూహలం. ఇన్నేళ్ళూ స్లో అనిపించుకున్న తను నిజంగా స్లోనేనా? ఒకసారి లెక్క సరిచూస్తే? ఎమ్మెస్సీ రోజుల్లో, లాబొరేటరీలో ఏదైనా అనుమానం వస్తే ఒక్కటే మార్చి, మిగతావన్నీ అలాగే ఉంచి చూడమనేవారు మేడమ్. పొద్దున మనోహర్ పళ్ళు తోముకోవడానికి వెళ్ళినప్పుడు రేణు అదే చేసింది. అతని బ్యాగ్‌కున్న ఎర్ర రిబ్బన్ విప్పి తన బ్యాగ్‌కి కట్టింది. ముడి కూడా అతను వేసే తరహాలోనే వేసింది.

మనోహర్ వచ్చి రిబ్బనున్న బ్యాగ్ ఎత్తబోయి సగంలో ఆగాడు. ఏమైందండీ అని అడిగింది. ఏం లేదన్నాడు. తన సిద్ధాంతానికి తానే కట్టుబడి, బరువు బ్యాగ్‌లో ఉందని అనలేకపోయాడు పాపం.

రేణు ముందు నడిచింది. నడవాలని నడవలేదు, కాళ్ళే వెళ్ళిపోయాయి. వీపు మీద రెండు మూడు టీషర్టులూ ఒక నీళ్ళ సీసా ఉంటే ఊరు ఇంత పెద్దదిగా ఉంటుందా అనుకుంది. ఒక ముసలావిడ పచ్చిమామిడి ముక్కలకి ఉప్పూ నిమ్మరసం పట్టించి అమ్ముతూ 'మీ రేనా' అని పిలిచింది. తన పేరు ఈవిడకెలా తెలుసా అని ఒక్క క్షణం ఉలిక్కిపడి, ఇక్కడ కొనేవాళ్ళందరినీ నా రాణీ అంటారని హాస్టల్లో పనిచేసే పిల్ల చెప్పింది గుర్తొచ్చి నవ్వుకుంది. కొనుక్కుని తింటే, కారం ఒక్కటే తక్కువ. సముద్రం వైపు వీధిలోకి తిరిగాక ఒక చెట్టు దగ్గర నిలబడిపోయింది. ఆ సన్నాకు, ఆ ముళ్ళు, ఆ వంకర కాయలు. సర్కారు తుమ్మ. తమ ఊరు ఒంగోల్లో రైలు కట్ట పొడుగునా నరికినకొద్దీ మొలిచి, ఎక్కణ్ణుంచి దాపురించిందిరా ఇది అని అందరిచేతా తిట్లు తినే చెట్టు. దీని సొంత ఊళ్ళు ఇవేనని రేణు పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకుంది, చూస్తానని మాత్రం అనుకోలేదు. ఇక్కడ దానికి మొదలు చుట్టూ సున్నం వేసి ఉంది. కింద బెంచీ మీద ఇద్దరు ముసలివాళ్ళు నీడలో డామినోలు ఆడుతున్నారు. ఎవరూ దాన్ని కసురుకోవడం లేదు. పుట్టింట్లో ఎంత నెమ్మదిగా ఉన్నావే అనుకుంటూ రేణు ఒక ఆకు తుంపి వేళ్ళ మధ్య నలిపింది.

అప్పటికిగానీ వెనక మనోహర్ లేడని చూసుకోలేదు.

చాలాసేపటికి మలుపు తిరిగి వచ్చాడు. మొహం కందగడ్డలా ఉంది. చేతి గడియారంలో గుండె వేగం చూసుకుంటూ, చూసిన అంకెకి ఇంకా భయపడుతూ వచ్చి ఒక మెట్టు మీద కూలబడ్డాడు. బ్యాగ్ పట్టీలు విప్పుకునే శక్తి లేదు.

"నాకేదో తేడాగా ఉంది రేణూ. గుండె దడదడలాడుతోంది. ఓఆర్ఎస్ ఇవ్వు."

ప్రయోగం మరీ ఎక్కువైందేమో అనుకుంటూ రేణు దగ్గరికి వచ్చి వంగింది. మణికట్టు పట్టుకుని చూసింది, నుదుటి మీద చెయ్యి వేసింది. నాడి వేగంగా ఉందిగానీ నిండుగా ఉంది. చెమట ధారగా పోస్తోంది. బరువు మోసిన మనిషికి ఎలా ఉండాలో అలాగే ఉంది. ఆ సంగతి ఆమెకి తెలిసినంత బాగా ఇంకెవరికి తెలుసు.

"మీ వీపు మీదే ఉందండీ" అంది.

అతనికి అర్థం కాలేదు. ఎక్కడ అన్నాడు. లోపల వెతుక్కోండి అని చెప్పి ఆమె పక్కన కూర్చుంది. పెళ్ళైనప్పటి నుంచి మనోహర్ ఒక సంచీలో చెయ్యిపెట్టి దేన్నైనా వెతకడం ఇదే మొదలు. నడుం బెల్టు బయటికి వచ్చింది. దాన్ని చూసి ఆగాడు. చెప్పులొచ్చాయి, డ్రోనొచ్చింది, అతని మెడ దిండొచ్చింది, చదువుకునే కళ్ళద్దాలొచ్చాయి. ఒక్కొక్కటీ మెట్టు మీద పెడుతూ, ఇదీ నాదే, ఇదీ నాదే అని పైకే అనుకుంటున్నాడు. ఓఆర్ఎస్ పొట్లం దొరికాక కూడా చెయ్యి ఆపలేదు. అడుగున రెండు కుర్తాలూ, గుడ్డలో చుట్టిన ఒక చిన్న భూతద్దమూ ఉన్నాయి. భూతద్దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. ఆ కుర్తాలు కాక ఆ బ్యాగ్‌లో ఆమె సొంతానికున్నది అదొక్కటే అన్నట్టు చూశాడు. రిబ్బన్ వంక చూశాడు. ఆమె వంక చూశాడు.

రేణు భూతద్దం అందుకుని, వేళ్ళ మధ్య ఉన్న ఆకు మీద పెట్టి చూసుకుంది.

"రేపు నేను అడవికి వెళ్తున్నాను. ఇప్పుడు నా వీపు మీదున్న బ్యాగ్‌తోనే" అంది.

మనోహర్ రేణు దగ్గరున్న సీసా అందుకుని నీళ్ళలో పొడి తనే కలుపుకున్నాడు, సగం మెట్టు మీద ఒలికింది. తాగి, సీసా మూత పెట్టి, మళ్ళీ తీసి, మళ్ళీ పెట్టాడు. తర్వాత ఫోన్ తీసి ఇషాకి చేశాడు. రేణు వద్దన్నట్టు చూసినా ఆగలేదు. అటువైపు పిల్ల ఎత్తి ఏంటి నాన్నా, అంతా ఓకేనా అంది.

"నిన్న మీ అమ్మ గురించి నేను చెప్పింది తప్పమ్మా" అన్నాడు. "తను స్లో కాదు. నేనే ఒక్కసారి కూడా తను మోసే బ్యాగ్ ఎత్తి చూడలేదు."